సెన్సారుగారి డైనింగ్ బోగీ

బేకరీ బావ ఆ సాయంత్రం బొమ్మరైళ్ళ క్లబ్బుకి కేకు డబ్బా పట్టుకొచ్చాడు. ఎవరి పుట్టినరోజో అనుకుని అందరూ బ్రష్షులు పక్కన పడేసి, చేతులు తుడుచుకుని చుట్టూ మూగారు. బావ తాపీగా తాడు విప్పి, మూత తీసి, మైనం కాగితం మడతలు ఒక్కొక్కటే తొలగించాడు. లోపల కేకు లేదు, బోగీ ఉంది. జానెడు పొడవు టపా బోగీ. ముదురెరుపు ఒళ్ళు, పక్కకి జరిగే తలుపులు, ఉత్తరాలు వెయ్యడానికి సన్నటి చీలిక, దాని పైన నువ్వుగింజంత అక్షరాలతో తపాలా శాఖ పేరు.

"అక్షరాలు అచ్చేయించారా?" అని అడిగాడు ప్రెసిడెంటు. ఆయన పశువుల డాక్టరు. క్లబ్బులో మాత్రం గూడ్సుబండ్ల వ్యవహారం చూస్తాడు.

"అచ్చేమిటండీ బాబూ, కేకుల మీద పేర్లు రాసే చెయ్యి ఇది. కేకు మీద రాస్తే సాయంత్రానికల్లా తినేస్తారు. ఇదైనా నాలుగు కాలాలు ఉంటుందని రాశాను" అన్నాడు బావ. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఆయన గుసగుసలాడితే వీధి చివరికి వినిపిస్తుందని పెళ్ళాం దెప్పుతూ ఉంటుంది.

రెండు వేళ్ళతో బోగీ పైకప్పు ఊడదీసి చూపించాడు. లోపల ఉత్తరాలు వేరు చేసే గూళ్ళు, నిలబడి పనిచేసేవాళ్ళకి సన్నటి బల్ల, మూలన పప్పుబద్దంత టపా సంచులు.

"సంచులు మా ఆవిడ కుట్టింది. మైదా బస్తా గుడ్డ. కుడుతున్నంతసేపూ నన్ను తిడుతూనే ఉందనుకోండి. పైకప్పు వేసేశాక ఇవెవడికి కనిపిస్తాయయ్యా అని."

అందరూ నవ్వారు. నవ్వి, ఒకళ్ళ తరవాత ఒకళ్ళు తలలు తిప్పి సెన్సారు వైపు చూశారు. అక్కడ పద్ధతి అది. ఎవరు ఏం చేసి తెచ్చినా ఆయన ఊఁ అనాలి.

సెన్సారు అసలు వృత్తి కళ్ళజోళ్ళ షాపు. ఆ పేరు క్లబ్బువాళ్ళు పెట్టింది, ఊరికే పెట్టలేదు. ఫర్నిచర్ షాపు మేడ మీద నడుమెత్తు బల్ల వేసి, దాని మీద తమ ఊరి స్టేషను, షెడ్డు, వంతెన, సొరంగం అన్నీ కట్టుకున్నప్పుడు వాళ్ళొక నియమం పెట్టుకున్నారు. స్టీమ్ ఇంజన్లు ఆఖరుసారి నడిచిన ఏడాది ఆ స్టేషనులో ఏవి నిలిచాయో అవే ఈ బల్ల మీద నిలవాలి. ముందు ఏడాదివీ వద్దు, తరవాతి ఏడాదివీ వద్దు. నియమం అందరూ పెట్టుకున్నదే. దాన్ని అమలుజరిపే కత్తెర మాత్రం ఈయన చేతికొచ్చింది. ప్రెసిడెంటు ఒక వర్షాకాలమంతా కూర్చుని చేసుకున్న నీళ్ళ ట్యాంకరుని, చక్రాల ఆకులు ఆనాటివి కావని ఇంటికి పంపించేసిన ఘనుడు. పాపం డాక్టరుగారు దాన్ని తీసుకెళ్ళి టీవీ మీద పెట్టుకున్నాడు.

సెన్సారు జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. బోగీని దీపం కిందకి తిప్పాడు. పనితనానికి వంకపెట్టే చోటే లేదు. కానీ తలుపు దగ్గరికొచ్చేసరికి తప్పు కనిపించింది. అది ఉక్కు రేకుల బోగీ. ఉక్కు టపా బోగీలు కరెంటు ఇంజన్లతో పాటు వచ్చాయి. ఆ ఏడాది నడిచినవి నిలువు చెక్కల బోగీలు. క్లబ్బులో ఇంకెవరికీ ఆ సంగతి తట్టలేదు.

"ఏమోయ్ బావమరిదీ, పాసా ఫెయిలా?" అన్నాడు బావ.

నిజానికి అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేకపోయాడు. బావ అంటే సొంత అక్క మొగుడు, తనకన్నా పెద్దవాడు, అంతమందిలో మొహం వెలిగిపోతూ నిలబడ్డాడు. సెన్సారు "బాగుంది బావా" అన్నాడు. బావ ఏనుగెక్కినంత సంబరపడి, "శనివారం పొద్దున్నే మీ అక్కనీ, మా బేకరీ జనాన్నీ అందర్నీ దింపుతా చూడు" అన్నాడు.

శనివారం, ఆదివారం ప్రదర్శన. పెద్ద క్లబ్బు నుంచి ఒక పెద్దమనిషి ప్రత్యేకంగా చూడ్డానికి వస్తున్నాడు. ఆయన కన్ను పడితే ఏ బోగీ ఏ ఏడాదిదో ఇట్టే చెప్పేస్తాడట. సెన్సారుకి గుబులంతా అక్కడే ఉంది. ఎందుకంటే ఆ రైలులో తప్పు బోగీ ఇంకొకటి ఉంది. అది ఆయన సొంత డైనింగ్ బోగీ.

అది బల్ల మీది రైలుకే అందం. బొటనవేలి గోరంత బల్లలు, వాటి మీద తెల్ల గుడ్డలు, ప్రతి బల్ల మీదా దీపం. స్విచ్చు వేస్తే దీపాలన్నీ వెలుగుతాయి. దాని కొలతల కోసం కిందటి వేసవిలో బావని వెంటబెట్టుకుని పాత బోగీలు దాచే షెడ్డుకి వెళ్ళాడు. టేపు పట్టుకుని వంగి చూస్తే కింది ఇనప దూలానికి ఒక పలక బిగించి ఉంది, దాని మీద బోగీ తయారైన సంవత్సరం పోతపోసి ఉంది. తమ ఏడాదికి రెండేళ్ళ తరవాతిది. అప్పటికే ఆ బోగీ మీద మనసు పారేసుకున్నాడు. అడుగుల చప్పుడైతే ఆ పలకకి వీపానించి నిలబడిపోయాడు. ఇంటికొచ్చి బోగీ చేసుకున్నాడు, క్లబ్బులో "ఆ ఏడాదిదే" అన్నాడు, సెన్సారుని సెన్సారు చేసేవాడు లేడు కాబట్టి అది పట్టాలెక్కింది.

ఇప్పుడా పెద్దమనిషి టపా బోగీ తప్పు పట్టాడంటే ఊరుకుంటాడా? మిగతా రైలంతా ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తాడు. సెన్సారు ఆ ఆలోచన ఎంతవరకు పోతోందో తెలిసీ దాన్ని ఆపలేదు.

శనివారం పొద్దున అందరికన్నా ముందొచ్చి తాళం తీశాడు. దూదికి స్పిరిట్ అద్ది పట్టాలు తుడిచాడు. ఇంజను వెనక నిలబడి ఉన్న ఎర్రటి టపా బోగీ దగ్గర ఆగాడు. షాపులో కళ్ళజోడు మరలు పట్టుకునే పట్టకారుతో కొక్కెం విప్పి, బోగీని ఎత్తి, అదే కేకు డబ్బాలో పెట్టి బల్ల కిందకి తోశాడు. దాని స్థానంలో బజారులో కొన్న చెక్క టపా బోగీ తగిలించాడు. సరైన ఏడాదిదే, పైకప్పు తీస్తే లోపలంతా ఖాళీ. బావకి ఫోను చేద్దామని రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని, రెండుసార్లూ జేబులో పెట్టేసుకున్నాడు.

బావ అన్నంత పనీ చేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అక్కనీ, బేకరీలో పనిచేసే ఆడపిల్లల్నీ, ఎదురింటి టైలరమ్మనీ, రోజూ రొట్టె కొనేవాళ్ళనీ వెంటేసుకుని మెట్లెక్కాడు. వాళ్ళందర్నీ సొరంగం దగ్గర వరసగా నిలబెట్టాడు.

"ఇంజను రాగానే దాని వెనకాల చూడండి. ఎర్రగా ఉంటుంది. రెప్పవేశారో, వెళ్ళిపోతుంది" అని హెచ్చరికలు చేశాడు.

సొరంగంలోంచి కూత వినిపించింది. ఇంజను వచ్చింది. దాని వెనక మట్టిరంగు చెక్క బోగీ వచ్చింది. దాని వెనక ప్రయాణికుల బోగీలు, ఆ తరవాత దీపాలు వెలిగించుకుని డైనింగ్ బోగీ ఠీవిగా సాగిపోయింది. ఆడపిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. టైలరమ్మ, "ఎరుపన్నారు కదండీ?" అంది.

బావ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేద్దామన్నా ఊడిరానట్టు. "ఇవాళ టపా లేటున్నట్టుందమ్మా" అన్నాడు.

అక్క ఊరుకోలేదు. తిన్నగా తమ్ముడి దగ్గరికొచ్చి, "ఒరేయ్, బావ బోగీ ఏదిరా?" అంది. హాల్లో సగంమంది ఇటు తిరిగారు. పెద్ద క్లబ్బు నుంచి వచ్చిన మనిషి కూడా తిరిగాడు.

సెన్సారు అందరికీ వినబడేట్టు చెప్పాడు. "అది ఆ ఏడాదిది కాదక్కా. ఉక్కు బోగీ. తరవాత వచ్చింది. నియమం అంటే నియమమే. బావయినా ఒకటే, బయటివాళ్ళయినా ఒకటే."

"భేష్. క్లబ్బంటే అలా ఉండాలి. ఇంట్లోవాళ్ళని కూడా వదలకూడదు" అన్నాడు పెద్దమనిషి మెచ్చుకోలుగా. వంగి, పక్కనుంచి పోతున్న దీపాల బోగీని చూశాడు. "అబ్బ, ఇదెవరి పనండీ! ఇది ఆ ఏడాదిదేనా?"

"ఆ ఏడాదిదే" అన్నాడు సెన్సారు.

అంటూ తలెత్తాడు. బల్లకి అవతలి వైపునుంచి బావ తనకేసే చూస్తున్నాడు. కోపం లేదు. దీనంగా కూడా లేడు. ఎవరైనా మెట్టు తప్పి పడబోతుంటే చూస్తారే, అలా చూస్తున్నాడు. తరవాత, "పదండమ్మా, ఓవెన్లో సరుకు మాడిపోతుంది" అని తన మందని మెట్లవైపు తోలుకుపోయాడు. సెన్సారుకి చెవులు కాలిపోయాయి. సాయంత్రం దాకా జనం డైనింగ్ బోగీని పొగుడుతూనే ఉన్నారు. ఒక్కో పొగడ్తకీ ఆయన తల ఇంకాస్త కిందకి వంగింది. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు.

ఆదివారం పొద్దున ముఖం చెల్లకపోయినా బేకరీకి వెళ్ళాడు. అక్క గల్లా దగ్గర పొట్లాలు కడుతోంది.

"ఏం కావాలి?" అంది, కొనడానికొచ్చినవాణ్ణి అడిగినట్టు.

"బావ ఉన్నాడా అక్కా?"

"నిన్న కూడా ఉన్నాడు. మీ సొరంగం ముందే ఉన్నాడు. నీకు కనబడలేదేమో." దారం పుటుక్కున తెంపింది. "అంతమందిని పేరుపేరునా పిలుచుకున్నాడురా ఆ మనిషి. తప్పయితే తప్పని ముందురోజు ఇంటికొచ్చి చెప్పడానికి నీకు నోరు లేదూ? మా ఇల్లేమన్నా ఏడు సముద్రాల అవతల ఉందా? రాత్రి అన్నం ముందు కూర్చుని ఆకలి లేదన్నాడు. ఆయనకి ఆకలి లేకపోవడం నా పెళ్ళయ్యాక ఇదే చూడ్డం."

సెన్సారుకి తలకొట్టేసినట్టయింది. లోపలికి వెళ్ళాడు.

లోపల ఓవెన్ వేడి, వెన్న వాసన. బావ పొడుగు బల్ల ముందు నిలబడి పెళ్ళి కేకు మీదకి క్రీము గులాబీలు పోస్తున్నాడు. క్రీము సంచిని కుడిచేత్తో పిండుతూ, ఎడమచేత్తో చిన్న మేకులాంటి పీటని తిప్పుతుంటే రేకు మీద రేకు విచ్చుకుంటోంది. అంత లావు వేళ్ళకి ఆ నాజూకు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

"రావోయ్. ఆ స్టూలు లాక్కుని కూర్చో. పిండి అంటుకుంటుంది, చూసుకో."

సెన్సారు కూర్చోలేదు. "బావా, నీకొకటి చెప్పాలి. నా డైనింగ్ బోగీ కూడా తప్పే. ఆ ఏడాదిది కాదు. నాకు మొదట్నుంచీ తెలుసు."

బావ చెయ్యి ఆగలేదు. ఇంకో రేకు పోశాడు. "తెలుసు" అన్నాడు.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"షెడ్డులో నువ్వు ఆ ఇనప పలకకి వీపు తగిలించి నిలబడ్డావే, అప్పట్నుంచి. నువ్వు నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు వంగి చూశా. మనిషి అంతసేపు కదలకుండా ఉన్నాడంటే వెనకాల ఏదో దాచాడనే కదా."

"మరి ఒక్కమాటైనా అనలేదేం?"

"అని ఏం చెయ్యను? దానికి దీపాలు పెట్టుకుని ఎంత మురిసిపోయావు! బొమ్మరైలోయ్ అది. నిజం రైలైతే టిక్కెట్టు డబ్బులు వెనక్కిమ్మని అడిగేవాణ్ణి." నవ్వబోయి, మానేశాడు. పూర్తయిన గులాబీని కత్తెర మొనతో ఎత్తి కేకు మీద కూర్చోబెట్టాడు. "నా బోగీ తీసేసినందుకు కూడా నాకు బాధ లేదు. కాకపోతే, నేను నిన్ను అడిగాను కదా."

"ఏం అడిగావు?"

బావ చెయ్యి అప్పుడు ఆగింది. మొదటిసారి మొహంలోకి చూశాడు. "నీకు నిజంగానే గుర్తులేదా? ఆ షెడ్డులోనే. ఆ చివర రెండు టపా బోగీలున్నాయి. ఒకటి చెక్కది, ఒకటి ఉక్కుది. నీ దగ్గరికొచ్చి అడిగా, మన ఏడాదికి ఏదోయ్, ఏది చెయ్యమంటావు అని. నువ్వు ఉన్నచోటు నుంచి కదలకుండా, ‘ఉక్కుదే బావా, వెళ్ళి కొలుచుకో, వెళ్ళు’ అన్నావు. నువ్వు చెప్పావు కదా అని ఇంకెవర్నీ అడగలేదు."

సెన్సారుకి గుర్తొచ్చింది. వీపుకి తగులుతున్న ఇనుము చలవ గుర్తొచ్చింది. బావ అక్కణ్ణుంచి కదిలితే చాలనుకోవడం గుర్తొచ్చింది. ఆయనేం అడిగాడో సరిగ్గా విననేలేదు. నోటికేదొస్తే అది అని పంపించేశాడు. ఆ మాట పట్టుకుని ఆయన రేకులు కత్తిరించాడు, అక్షరాలు రాశాడు, అక్క గుడ్డముక్కలు కుట్టింది. ఆ తప్పుకే తను అంతమందిలో ఆయన్ని దోషిని చేశాడు.

"బావా..." అన్నాడు.

"సరేలే. ఈ కేకు పదకొండింటికి పెళ్ళివారికి అందాలి. వెళ్ళు, నీకు మాత్రం ప్రదర్శన లేదూ?" అని బావ మళ్ళీ క్రీము సంచి అందుకున్నాడు. పొమ్మనడం కూడా మర్యాదగానే పొమ్మన్నాడు.

క్లబ్బుకి వెళ్ళగానే సెన్సారు డైనింగ్ బోగీ కొక్కెం విప్పాడు. ప్రెసిడెంటు పరుగెత్తుకొచ్చాడు.

"అదేమిటయ్యా! జనం దానికోసమే వస్తుంటే!"

సెన్సారు జరిగింది జరిగినట్టు చెప్పాడు, పలక సంగతి కూడా దాచకుండా. ప్రెసిడెంటు మొహం ముడుచుకున్నాడు. బహుశా టీవీ మీది నీళ్ళ ట్యాంకరు గుర్తొచ్చి ఉంటుంది. కానీ మంచి మనిషి. "పోనీలే. ఆ పెద్దాయన నిన్ననే వెళ్ళిపోయాడు. మీ బావగారి బోగీ పెట్టేద్దాం, నీదీ ఉంచేద్దాం. ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు.

ఎంత తేలికగా ఉందో ఆ దారి! నిన్న పొద్దున ఒక్క మాట అడిగి ఉంటే ఇదే జవాబు వచ్చేదన్నమాట. అది తెలిశాక సెన్సారుకి ఇంకా సిగ్గేసింది. "నిన్న నిలబెట్టి చెప్పిన నియమం ఇవాళ నా కోసం మారకూడదు డాక్టరుగారూ" అని డైనింగ్ బోగీని గుడ్డలో చుట్టి బల్ల కింద పెట్టాడు.

మధ్యాహ్నం బావ, అక్క వచ్చారు. ప్రదర్శన చూడ్డానికి కాదు, డబ్బా తీసుకుపోవడానికి. హాలు కిటకిటలాడుతోంది. సెన్సారు వాళ్ళని చూసి, మీట కిందకి నొక్కేశాడు. రైలు వంతెన మధ్యలో ఆగిపోయింది. కరెంటు పోయిందేమోనని అందరూ ఆయన వైపు చూశారు.

"ఒక్క నిమిషం" అన్నాడు. "నిన్న ఈ రైలులో దీపాల బోగీ ఒకటి చూసుంటారు. అది నేను చేసింది. అది ఈ రైలు నడిచిన ఏడాదిది కాదని నాకు ముందే తెలుసు, తెలిసీ పెట్టాను. ఆ ఏడాదిదే అని అబద్ధమాడాను. మా బావ చేసిన టపా బోగీ మాత్రం తప్పని తీసేశాను. ఆ తప్పు ఆయనది కాదు. ఏది చెయ్యమంటావని ఆయన నన్నడిగితే, అదే చెయ్యమని చెప్పింది నేను."

అందరూ విన్నారు. అంతే. ఎవరూ ఛీ అనలేదు, చప్పట్లూ కొట్టలేదు. ముందు వరసలో ఒక ఆవిడ మర్యాదగా తలాడించింది. వెనకనుంచి ఎవరో, "అయితే రైలు మళ్ళీ ఎప్పుడు కదులుతుందండీ?" అని అడిగారు. రాత్రంతా గుండెల మీద మోసిన బండరాయి వాళ్ళకి గులకరాయంత కూడా కాలేదు. సెన్సారు మీట పైకి ఎత్తాడు. రైలు కదిలింది, జనం మళ్ళీ దాని మీద పడ్డారు.

అక్కకి మాత్రం అది గులకరాయి కాలేదు. ఆవిడ తమ్ముణ్ణి కాదు, మొగుణ్ణి చూస్తోంది. "వాడు చెప్పి చేయించాడా? మరి నాతో ఒక్కమాటైనా అనలేదేమండీ?"

బావ మెడ తడుముకున్నాడు. "అంటే ఏం చేస్తావు? వెళ్ళి వాణ్ణి కడిగిపారేస్తావు. నీకున్నది ఒక్కడే తమ్ముడు" అన్నాడు.

ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. ఆకలి లేదని కంచం ముందునుంచి లేచిపోయాడు గాని, బావమరిది చెప్తేనే చేశానని అనలేదు. సెన్సారుకి భూమి చీలితే బాగుండునని మనుషులు ఎందుకంటారో తెలిసింది.

బావ బల్ల మీదకి వంగి, ఎదురుగా పోతున్న రైలుని ఇంజను నుంచి చివరిదాకా చూశాడు. మట్టిరంగు బోగీలు, వాటి వెనక మళ్ళీ మట్టిరంగు బోగీలు. "అన్నీ సరైనవేనా ఇప్పుడు?" అన్నాడు.

"అన్నీ సరైనవే."

"ఏం రైలోయ్ ఇది, అచ్చం మా మావయ్య మొహంలా ఉంది!" అని పగలబడి నవ్వాడు. మావయ్య అంటే సెన్సారు కన్నతండ్రే. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. సెన్సారుకి నవ్వు రాలేదు, కళ్ళు మాత్రం మసకేశాయి. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

బావ కేకు డబ్బా చంకన పెట్టుకున్నాడు. వెళ్ళబోయి ఆగాడు. "ఇది మా కౌంటరు మీద అద్దాల్లో పెట్టుకుంటా. నీ రైలుకి చెక్కది చేస్తాను. ఎట్లా ఉండాలో చెప్పు. చెక్కలు నిలువా, అడ్డమా? రంగేమిటి? తలుపులెన్ని?"

సెన్సారుకి అవన్నీ కంఠతా వచ్చు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

"వాడు చెప్పింది విని చెయ్యకండి" అంది అక్క. గొంతు పెంచలేదు. కోపంగా కూడా అనలేదు, సంతలో మంచి వంకాయ ఏదో చెప్పినట్టు అంది. "ఈసారి మీరే వెళ్ళి, మీ కళ్ళతో చూసుకుని రండి."

బావ ఇబ్బందిగా అక్క వైపు, బావమరిది వైపు మార్చి మార్చి చూశాడు. ఇన్నాళ్ళూ ఏ బోగీ నిజమో ఏది కాదో ఒక్క మాటతో తేల్చిన మనిషి, తెరిచిన నోరు మూసుకున్నాడు. అక్క మాటలో ఒక్క అక్షరం కూడా తీసెయ్యడానికి లేదు.

"అవును బావా, అక్క చెప్పినట్టే చెయ్యి. నువ్వే చూసి రా" అన్నాడు. అని, దూదికి స్పిరిట్ అద్దుకుని, తలెత్తకుండా పట్టాలు తుడుస్తూ బల్ల చివరికి వెళ్ళిపోయాడు.